నాలుగో అధ్యాయం మీద పంచాయితీ

బస్సు కిటికీలోంచి దస్తీ, అదే చేతిరుమాలు, వేసి సీటు ఆపుకునే పద్ధతి మీద నాకొక ఫిర్యాదు ఉంది. దస్తీ ఉన్నవాళ్ళకు ఇబ్బంది లేదు. మా వైపు దస్తీ పడ్డ సీటులో కూర్చోవాలంటే ఎంతటివాడైనా కొంచెం జంకుతాడు. నా దగ్గర ఎప్పుడూ దస్తీ ఉండేది కాదు. ఒకసారి నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు వచ్చి ఆగీ ఆగకముందే, చేతిలో ఉన్న కాగితాల కట్టను కిటికీలోంచి సీటు మీద పడేశాను. జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళేసరికి దాని మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆ సీటు నాదని చెప్పాను. "మరి దస్తేది?" అన్నాడు. మీ కింద ఉన్నవి నావే అన్నాను. ఆయన ఒక పక్కకు ఒరిగి, చూసి, "కాయితాలే గద" అని మళ్ళీ సర్దుకుని కూర్చున్నాడు. బోధన్ వచ్చేదాకా లేవలేదు.

ఆ కాయితాలు నా పీహెచ్‌డీ గ్రంథంలోని నాలుగో అధ్యాయం. తర్వాత ఆ అధ్యాయానికి జరిగిన దానితో పోలిస్తే, ఆయన దాన్ని మర్యాదగానే చూసుకున్నాడని ఒప్పుకోవాలి.

నేను ఇంగ్లీషు సాహిత్యంలో పరిశోధన చేశాను. నిజామాబాద్ దాటాక హైదరాబాద్ రోడ్డు మీదున్న యూనివర్సిటీలో, ఏడేళ్ళు. మా ఊరు బోధన్ పక్కన. అక్కణ్ణుంచి రోజు విడిచి రోజు రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని. మిగిలిన రోజుల్లో బోధన్‌లో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెప్పేదాన్ని. పరిశోధన అంశం, "పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల నవలల్లో వర్షం". వర్షమే ఎందుకని చాలామంది అడిగారు. సాయంత్రంలోగా ఏదో ఒక అంశం చెప్పమని మా గైడ్ మేడం పట్టుబట్టిన రోజు బయట వాన పడుతోంది. అంతకంటే లోతైన కారణం ఉన్నట్టు ఉపోద్ఘాతంలో పదకొండు పేజీలు రాశాను కానీ, లేదు.

ఊళ్ళో మాత్రం ఈ అంశానికి మంచి పేరొచ్చింది. వాన మీద పెద్ద చదువు చదువుతోందన్న మాట పాకి, నాట్ల కాలంలో ఫోన్లు వచ్చేవి. "బిడ్డా, ఎల్లుండి పడుతదా?" అని. నేను చదివేది నూటయాభై ఏళ్ళ కింద ఇంగ్లండులో పడ్డ వాన అని మొదట్లో ఓపికగా చెప్పేదాన్ని. "పడ్డది మాకెందుకు, పడేది చెప్పు" అనేవాళ్ళు. ఒక ఏడు విసుగొచ్చి పడుతుందన్నాను. పడింది. ఆ సీజనంతా నా మాటకు సర్పంచ్ మాట కంటే విలువ ఉండింది. మరుసటి ఏడు కూడా ధైర్యం చేసి పడుతుందన్నాను. పది రోజులు ఎండ కాసింది. "ఇంక సదువు పూర్తి గాలే, గందుకే" అని ఊరు నన్ను క్షమించింది.

ఇక నాలుగో అధ్యాయం. అది ఒక నవల గురించి. పేరు చెప్పను, చెబితే మీరు కొని చదివి నన్ను తిడతారు. అందులో ఒక రైతు బార్లీ పంట కోసి చేలోనే వదిలేస్తాడు. మూడు రోజులు ఏకధారగా వాన కురుస్తుంది. ఆ మూడు రోజులూ అతని కూతురు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తుంది. చివరికి కళ్ళు తుడుచుకుని, అలిగి వెళ్ళిపోయిన అన్నకు ఉత్తరం రాస్తుంది. దీని మీద నేను నలభై రెండు పేజీలు రాశాను. ఆ వాన ఆశకు ప్రతీక అని సారాంశం.

అది నా సొంత తెలివి కాదు. ఎంఏ నుంచీ మాకు అలవాటైన విద్య. నది కనిపిస్తే కాలం, దీపం కనిపిస్తే జ్ఞానం, కిటికీ కనిపిస్తే స్వేచ్ఛ, వాన కనిపిస్తే ఆశ. పరీక్షలో ఇంకేమీ గుర్తు రాకపోయినా వీటిలో ఒకటి వేసి వస్తే పాసయ్యేవాళ్ళం. నా నవలలో కిటికీ, వాన రెండూ ఉన్నాయి. ఇక అనుమానం దేనికి?

నిజానికి అనుమానం రావాల్సిన రోజు ఒకటి ఉంది. ఆ అధ్యాయం ముగింపు రాస్తున్న ఏప్రిల్‌లో మా యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర రోడ్డు మీద ఆరబోసి ఉన్నాయి. మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. బాపు ఫోన్ చేస్తే ల్యాప్‌టాప్ మూసి పరుగెత్తాను. మా ఇంట్లో నాన్న అంటే బాపు, అమ్మ అంటే అవ్వ. అవ్వా, బాపూ, నేనూ పరదాలు పట్టుకుని గాలితో కుస్తీ పట్టి సగం వడ్లు కప్పాం. మిగతా సగం మా కళ్ళ ముందే తడిశాయి. అవ్వ ఆ వానను పేరు పెట్టి, ఇంటిపేరు పెట్టి తిట్టింది. నేను ఇంటికొచ్చి, తల తుడుచుకుని, కాళ్ళకంటిన గింజలు కడుక్కుని, ల్యాప్‌టాప్ తెరిచి, "ఈ విధంగా వర్షం మానవ జీవితంలో ఆశను చిగురింపజేస్తుంది" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఒక చక్కటి వాక్యం రాశాను. ఈ రెండు వానలకూ ఏదైనా సంబంధం ఉండొచ్చని నాకు తోచలేదు. అది బోధన్ వాన. ఇది ఇంగ్లీషు వాన.

గ్రంథం సమర్పించాను. వైవా తేదీ ఖాయమైంది. మా గైడ్ మేడం నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"గడువు ఇప్పటికి రెండుసార్లు పొడిగించాం. మూడోసారి లేదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ సంతకం పెడితే డాక్టరేట్. మళ్ళీ రాసుకు రమ్మంటే, మళ్ళీ అనేది ఉండదు, రిజిస్ట్రేషన్ పోతుంది. ఏడేళ్ళూ పోతాయి. అర్థమైందా?"

అర్థమైంది. డాక్టరేట్ లేకపోతే వచ్చే ఏడు నుంచి గెస్టుగా కూడా వద్దని మా కాలేజీ వాళ్ళు అప్పటికే చెప్పి ఉన్నారు.

"ఇంకో సంగతి," అన్నారు మేడం. "ఇది ఓపెన్ వైవా. హాలు ఖాళీగా కనిపించకూడదు. నలుగురిని తెచ్చుకో."

పీహెచ్‌డీ వైవా అంటే బహిరంగ సభ లాంటిది. ఆసక్తి ఉన్నవారందరూ ఆహ్వానితులే అని నోటీసు బోర్డులో కాగితం అంటిస్తారు. ఆసక్తి ఉన్నవారు ఇంతవరకూ ఎవరూ తారసపడలేదు. మొహమాటానికి తోటి రీసెర్చ్ స్కాలర్లు వచ్చి వెనక వరసలో కూర్చుంటారు. అంతకు ముందు జరిగిన వైవాలో అటెండరుతో కలిపి ముగ్గురున్నారట, అందులో ఒకరు నిద్రపోయారట. నిద్రపోయింది నేనే. ఆ సంగతి మేడంకు తెలియదని నా నమ్మకం.

ఆ సాయంత్రం అన్నం తింటూ ఇంట్లో ఈ ముచ్చట చెప్పాను. బాపు ఎప్పుడూ లేనిది ప్రశ్నలు వేశాడు.

"ఎవలన్న రావచ్చా?"

"ఎవలన్న రావచ్చు బాపు. నోటీసు గట్లనే పెడ్తరు."

"ఏం జేస్తరు ఆడ?"

"హైదరాబాద్ నుంచి ఒక సార్ వస్తడు. నేను రాసినదాంట్ల తప్పులు ఎంచుతడు. నేను జవాబు చెప్పాలె."

"అందరి ముంగట?"

"ఆ, అందరి ముంగట్నే."

"ఆఖరికి?"

"ఆఖరికి వాళ్ళు పక్కకు పోయి మాట్లాడుకొని వస్తరు. వచ్చి తీర్పు చెప్తరు."

బాపు చెయ్యి కంచంలో ఆగింది. "నీ దిక్కు ఎవలున్నరు?"

"నా దిక్కు ఎవలుంటరు? నాది నేనే చెప్పుకోవాలె."

బాపు లేచాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, పెద్దబాపు ఇంటికి పోయాడు. పెద్దబాపు అంటే బాపు వాళ్ళన్న. అప్పుడైనా నాకు వెలగాల్సింది.

మా ఊళ్ళల్లో గెట్టు తగాదా అయినా, కాలువ నీళ్ళ తగాదా అయినా, మొగుడూ పెళ్ళాల తగాదా అయినా ముందు పంచాయితీ కూర్చుంటుంది. అటువాళ్ళు పెద్దమనుషులను తెచ్చుకుంటారు, ఇటువాళ్ళు తెచ్చుకుంటారు. అడిగేవాడు అడుగుతాడు, చెప్పేవాడు చెబుతాడు, పెద్దలు పక్కకు పోయి మాట్లాడుకుని వచ్చి తీర్పు చెబుతారు. ఒక్కరే పోవడమంటే అడిగేవాళ్ళు లేని ఇల్లని ఒప్పుకోవడమే. అందులోనూ ఆడపిల్లను ఒంటరిగా పంపితే ఊళ్ళో తలెత్తుకోలేరు. పెద్దబాపు ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటి పంచాయితీలు చేస్తున్నాడు. తన తీర్పు నచ్చలేదని ఎవరూ అనలేదంటాడు. నచ్చనివాళ్ళు ఆయనతో మాట్లాడటం మానేశారు కనక ఆయన దాకా రాలేదు.

వైవా రోజు నేను పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయాను. పదిన్నరకు సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ సరిచూసుకుంటుంటే బయట జీపు ఆగిన చప్పుడు. దానిలోంచి మనుషులు దిగుతూనే ఉన్నారు. పదకొండు మంది. ముందు తెల్ల ధోతి, భుజాన కండువాతో పెద్దబాపు. వెనకాల ఇస్త్రీ చొక్కాలో బాపు. ఆ వెనక వేల్పూర్ నుంచి వచ్చిన పెద్దవ్వ, అంటే మా అవ్వకు అక్క. పెద్దవ్వ ఆరెకరాల పసుపు ఒక్కతే చూసుకుంటుంది. పసుపు మార్కెట్లో నాణ్యం చూడటానికి కొమ్ము విరిచిన వ్యాపారి చేతిలోంచి ఆ రెండు ముక్కలూ వెనక్కి తీసుకుని సంచిలో వేసుకున్న మనిషి. మిగతావాళ్ళు ఊరి పెద్దమనుషులు. అవ్వ మాత్రం రాలేదు, చెరుకు కొట్టేవాళ్ళు ఆ రోజే వచ్చారు.

"గిదేంది బాపు, గింతమంది?"

"నువ్వే అంటివి గద, ఎవలన్న రావచ్చని."

పెద్దబాపు హాలంతా ఒకసారి కలియజూశాడు. "గా హైదరాబాద్ సార్ ఎంతమందిని తెస్తుండు?"

"ఒక్కడే వస్తడు పెద్దబాపు."

"ఒక్కడేనా?" ఆయన ముఖంలో నిరాశ కనిపించింది. "మనం జర ఎక్కువైనం మల్ల. ఏం గాదు, కూసోండ్రి."

అందరూ గడప బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. జీపులోంచి చెరుకు గడల కట్ట కూడా దిగింది. సార్ కోసమట. కానీ తీర్పు కాకముందు ఇస్తే బాగుండదని పెద్దబాపు దాన్ని ప్రొజెక్టర్ తెర వెనకాల నిలబెట్టించాడు. తర్వాత కుర్చీలు జరిపించాడు. మనవాళ్ళు ఇటు, వాళ్ళు అటు, మధ్యలో ఖాళీ. అప్పుడే లోపలికి వచ్చిన గైడ్ మేడం గుమ్మంలోనే ఆగిపోయారు. నలుగురిని తెమ్మన్నానని ఆమెకు గుర్తున్నట్టుంది, నన్నేమీ అనలేదు.

"నమస్తే మేడం," అన్నాడు పెద్దబాపు. "మీరు ఎటు దిక్కు?"

"నేను గైడ్‌నండీ."

"గదే మేడం. మా దిక్కా, సార్ దిక్కా?"

మేడం కాసేపు ఆలోచించారు. ఏడేళ్ళుగా నాకూ ఉన్న సందేహమే కనక నేనూ ఆసక్తిగా చూశాను. ఆమె వెళ్ళి మధ్యలో ఉన్న ఖాళీలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

పదకొండు గంటలకు ఎక్స్‌టర్నల్ సార్ వచ్చారు. యాభై దాటిన మనిషి, మెత్తటి మాట. మెత్తగా మాట్లాడే ఎక్స్‌టర్నల్‌తో జాగ్రత్తగా ఉండాలని మా సీనియర్లు చెప్పేవారు. ఆయన గుమ్మం దగ్గర పదకొండు జతల చెప్పులు చూసి ఆగారు. ఇక్కడి ఆచారం ఇదే కాబోలనుకుని వంగి, లేసులు విప్పి, బూట్లు విడిచారు. అది చూసి మేడం కూడా లేచి వెళ్ళి తన చెప్పులు విడిచి వచ్చారు, వెనకే నేనూ. ఆ విధంగా నా డాక్టరేట్ వైవా అందరూ వట్టికాళ్ళతో, సార్ ఒక్కరు సాక్సులతో మొదలైంది.

ఇరవై నిమిషాలు స్లైడ్లు చూపిస్తూ ఇంగ్లీషులో మాట్లాడాను. మావాళ్ళు కదలకుండా విన్నారు. ఒక్క కోత చేను బొమ్మ వచ్చినప్పుడు మాత్రం "కంకి మంచిగున్నది" అని ఎవరో, "మందు బాగా కొట్టినట్టున్నరు" అని ఇంకెవరో అనుకున్నారు. తర్వాత సార్ ప్రశ్నలు మొదలుపెట్టారు. మొదటి మూడు అధ్యాయాలూ సాఫీగా దాటాయి. ఆయన కాగితాలు తిప్పి నాలుగో అధ్యాయం దగ్గర వేలు పెట్టారు. పంట కోసిన చేను మీద పడిన వాన ఆశకు ప్రతీక అని దేన్నిబట్టి అన్నారు, అని అడిగారు.

నలుగురు విమర్శకుల మాటలు అప్పజెప్పాను. అవి విమర్శకుల మాటలు, నవలలో ఎక్కడుంది, అన్నారు. కిటికీ గురించి చెప్పాను. కిటికీ సరే, వాన? అన్నారు. నేను నీళ్ళు తాగాను. మళ్ళీ తాగాను. నా ముఖం రంగు మారడం చూసి, భాష తెలియకపోయినా దెబ్బ ఎక్కడ తగులుతోందో పెద్దబాపుకు అర్థమైంది. కండువా సర్దుకుని లేచాడు.

"సార్, జర గది తెలుగుల అడుగుండ్రి. ఓపెన్ అని నోటీసు పెట్టిండ్రు. ఓపెన్ అన్నంక అందరికి తెల్వాలె గద."

మేడం కళ్ళు మూసుకున్నారు. సార్ మాత్రం కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "న్యాయమే" అన్నారు. మావాళ్ళ వైపు తిరిగి నవల కథ నాలుగు మాటల్లో తెలుగులో చెప్పారు. "అక్కడొక రైతు. బార్లీ అని, మన గోధుమల లాంటిదే, ఆ పంట వేశాడు. మూడు రోజులు వాన పడింది. ఆ వాన ఆశకు గుర్తు అని మీ అమ్మాయి రాసింది. ఎలా అని అడుగుతున్నాను."

 పెద్దవ్వ ముందుకు వంగింది.

"కోసినంక పడ్డదా సార్, కోయకముందా?"

నేను నలుగురు విమర్శకుల గురించి చెప్పాను కదా. ఈ ప్రశ్న వాళ్ళలో ఎవరూ అడగలేదు.

"కోసినంకనే అమ్మా."

"కుప్ప పెట్టిండ్రా?"

సార్ నా గ్రంథం పక్కన పెట్టి, సంచిలోంచి నవల తీసి పేజీలు తిప్పారు. "లేదమ్మా. కోసింది కోసినట్టే చేలో ఉంది."

"పరదా గిట్ల ఏం కప్పలేదా?"

మళ్ళీ తిప్పారు. "కప్పినట్టు లేదు."

"అయ్యో!" అంది పెద్దవ్వ. వెనక వరసలోనూ అయ్యో అన్నారు. పది నిమిషాల కింద పేరు కూడా తెలియని ఆ ఇంగ్లీషు రైతు కోసం మా ఊరి పెద్దమనుషులు నాలుకలు చప్పరించారు. "మూడొద్దులంటే మొలకలొచ్చినయి పో" అన్నారొకరు. "ఎన్నెకరాలు సార్?" అన్నాడు బాపు. సార్ ఆ పుస్తకాన్ని ముప్ఫై ఏళ్ళుగా పాఠం చెబుతున్నారట. ఎకరాల సంగతి ఎప్పుడూ చూడలేదని ఒప్పుకున్నారు.

"మరి గా రైతు బిడ్డ ఏం జేసింది?" పెద్దవ్వ అడిగింది.

"కిటికీ దగ్గర నిలబడి చూసింది."

"నిలవడి సూసిందా? మూడొద్దులు?"

"మూడు రోజులమ్మా."

పెద్దవ్వ నా వైపు చూసింది. ఆ చూపులో నేనూ ఆ కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను. పోనీ కనీసం మాటతోనైనా కాపాడుకుందామని నోరు తెరిచాను.

"పెద్దవ్వా, అది నిజం వాన కాదు. ప్రతీక."

"అంటే?"

"అంటే... వాన గాదు, దాని వెనక అర్థం."

"మరి తడిసినయి పంటా, పంట అర్థమా?"

ఎక్స్‌టర్నల్ సార్ ఈ ప్రశ్న కాగితం మీద రాసుకోవడం నేను చూశాను.

"గది చెడగొట్టు వాన," అంది పెద్దవ్వ, సార్‌తో, నాతో ఇక లాభం లేదన్నట్టు. "మార్చిల మాకు పడ్డదనుకో, ఉడకబెట్టి ఆరబోసిన పసుపు నల్లవడి ఖరాబైతది. ఏడు నెలల కష్టం. ఆశ ఏడిది అండ్ల?"

"చెడగొట్టు వాన," అని సార్ రెండుసార్లు అనుకుని అదీ రాసుకున్నారు. "మరి ఆ అమ్మాయి ఉత్తరం ఎందుకు రాసింది అంటారు?"

"ఇల్లు మునిగినంక అన్నను పిలవదా సార్? ఇంకెవలను పిలుస్తది?"

ఏడేళ్ళలో నా నాలుగో అధ్యాయానికి దొరకని ముగింపు అది. నలభై రెండు పేజీలు పట్టలేదు. ఇప్పుడు నా గ్రంథంలో అది ఉంది. ఆధారం చూపాల్సిన చోట "మౌఖిక సమాచారం, వేల్పూర్" అని ఇంగ్లీషులో వేశాను.

కానీ అప్పటికి నా చేతిలో ఉన్నవి చెమట, ఖాళీ నీళ్ళ సీసా. నా దిక్కు నిలబడటానికి వచ్చిన పదకొండు మందీ అటు దిక్కు అయిపోయారు. పంచాయితీ చేసిన అలవాటు అలాంటిది, న్యాయం కనిపిస్తే సొంత మనిషిని కూడా చూడరు. ఆఖరికి బాపు లేచి చేతులు జోడించాడు.

"సార్, పిల్లదే తప్పు. మేం ఒప్పుకుంటున్నం. కని ఏడేండ్లు బస్సుల వడి తిరిగింది సార్. గీ ఒక్కసారి మాఫీ చేయుండ్రి."

ప్రపంచంలో ఎన్నో పీహెచ్‌డీ వైవాలు జరిగి ఉంటాయి. క్షమాభిక్ష కోరిన వైవా ఇదొక్కటే అనుకుంటాను. "అయ్యో, తప్పని కాదండీ, కూర్చోండి," అని సార్ కంగారుపడ్డారు. మేడం ఒళ్ళో ఉన్న ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో ఇప్పటికీ అడగలేదు.

తర్వాత నిబంధన ప్రకారం, నిర్ణయం తీసుకోవడానికి కాసేపు అందరినీ బయటికి వెళ్ళమన్నారు. పెద్దబాపుకు ఇది బాగా నచ్చింది. "అచ్చం మన లెక్కనే ఉన్నది" అన్నాడు. లోపల సార్, మేడం మాట్లాడుకుంటుంటే, బయట వేపచెట్టు కింద ఆయన తనవాళ్ళను కూర్చోబెట్టి వేరే మంతనం మొదలుపెట్టాడు. నేను రెండింటికీ మధ్య వరండాలో నిలబడ్డాను. లోపలి మాటలు వినపడలేదు. బయటివి వినపడ్డాయి, అంత అనుకూలంగా లేవు.

"మొదటి మూడు పాఠాలు మనకు తెల్వదు. గా నాలుగోది మాత్రం పిల్ల తప్పే."

"తప్పే. కని దండుగ ఎయ్యద్దు."

"మల్ల రాయమనాలె. మంచిగ కనుక్కొని రాయమనాలె."

"మల్ల రాయమంటే సదువే పోతదంటున్నది గదనే!" అన్నాడు బాపు.   పెద్దబాపు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆయనకు తీర్పు తోచలేదు.

అటెండరు వచ్చి లోపలికి పిలిచాడు. సార్ నిలబడి ఉన్నారు. ముందు ఇంగ్లీషులో చెప్పబోయి, మావాళ్ళ వైపు చూసి, తెలుగులోకి మారారు.

"నాలుగో అధ్యాయం ముగింపు తప్పు," అన్నారు. పెద్దబాపు తల ఊపాడు. "అది సరిదిద్దాలి. నెల రోజుల్లో దిద్ది మేడంకు చూపిస్తే చాలు, నా దగ్గరికి మళ్ళీ రావాల్సిన పనిలేదు. మిగతాదంతా బాగుంది. డాక్టరేట్ ఇవ్వమని రాస్తున్నాను."

ఆయన సంతకం పెడుతున్నంతసేపూ నేను ఆ పెన్ను కొన వైపే చూస్తున్నాను. సిరా అయిపోతుందేమోనని భయం.

"అయినట్టేనా సార్?" అన్నాడు బాపు.

"అయినట్టే. మీ అమ్మాయి ఇక డాక్టర్."

తెర వెనక నుంచి చెరుకు గడలు బయటికి వచ్చాయి. ఆరడుగుల గడలు, ఆకులతో సహా. వద్దనడానికి సార్‌కు సందు దొరకలేదు. బూట్లు వేసుకుని, కట్ట భుజాన పెట్టుకుని, ఆయన కారు దాకా నడిచి వెళ్ళడం డిపార్ట్‌మెంట్ మొత్తం కిటికీల్లోంచి చూసింది. డిక్కీలో పట్టక సగం గడలు వెనక అద్దంలోంచి బయటికి పెట్టుకుని హైదరాబాద్ రోడ్డెక్కారు.

మేం జీపులో కుక్కుకుని నిజామాబాద్ బయల్దేరాం. దారి పొడుగునా అందరూ నన్ను డాక్టరని పిలిచారు. "డాక్టరమ్మా, జర పక్కకు జరుగు." "డాక్టరమ్మ కాలు నా కాలు మీద ఉన్నది." పెద్దబాపు ముందు సీట్లో కూర్చుని, రెండు దిక్కులకూ సమ్మతమైన తీర్పు అంటే ఏమిటో డ్రైవరుకు వివరించాడు. బాపు మాత్రం నిజామాబాద్‌లో బోధన్ చౌరస్తా దాకా నా ఫైలు తనే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

బస్టాండు దగ్గర పెద్దవ్వ దిగింది. వేల్పూర్ వెళ్ళడానికి ఆర్మూర్ వైపు బస్సు సిద్ధంగా ఉంది. నేనూ దిగి, ఆమె సంచి అందుకుని బస్సు దాకా నడిచాను. కాళ్ళకు మొక్కాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. ఏదో ఒకటి అనాలని అన్నాను.

"ఈసారి మార్చిల మీ ఇంటికొస్త పెద్దవ్వా. నాలుగు రోజులుంట."

పెద్దవ్వ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగి, వెనక్కి తిరిగింది.

"ఎప్పుడన్న రా బిడ్డా, నీ ఇల్లే. పసుపు ఆరబోసినప్పుడు మాత్రం రాకు."